మూడు వేళ్ల ఎత్తు

మా ఆయన ఇంట్లో ఉన్న పాత కారు అమ్మేసి, రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నప్పుడు మిర్యాలగూడలో మా వీధంతా వచ్చి చూసింది. ఆయన బియ్యం వ్యాపారి, నేను సర్కారు బడిలో టీచర్ని. లోను నా ఉద్యోగం మీద వచ్చింది కాబట్టి బండి నా పేరు మీదే ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లం కాదు.

కొన్న వారానికే దాన్ని సూర్యాపేట తీసుకెళ్లి, హైవే పక్క మెకానిక్ షెడ్డులో బాడీని ఇంకా కిందికి దించించారు. చక్రానికీ పైనున్న రేకుకూ మధ్య వేలు కూడా దూరేది కాదు. ఆయన రోజూ పొద్దున్నే అక్కడ వేలు పెట్టి చూసుకుని మురిసిపోయేవారు.

మా అమ్మది నిడమనూరు. ఊహ తెలిసినప్పటి నుంచి కూలి నాట్లు వేసిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. సూర్యాపేటలో ఎముకల డాక్టర్‌కు చూపించాల్సి వచ్చినప్పుడు, మొదటిసారి మా ఆయనే నిడమనూరు వెళ్లి కారులో తీసుకెళ్లారు. సీట్లు రెండే కనుక నేను మిర్యాలగూడ నుంచి బస్సులో వెళ్లాను. నేను చేరేసరికి దవాఖాన గేటు ముందు జనం మూగి ఉన్నారు. అమ్మ కారులోంచి లేవలేకపోతోంది. సీటు దాదాపు నేల మీదే ఉంది, మోకాళ్లు మడిచి పైకి లేచే బలం ఆమెకు లేదు. వాచ్‌మన్ రెండు చేతులూ పట్టి గుంజుతున్నాడు. అమ్మ పైట జారిపోయింది. మా ఆయన తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"జర పైలం అత్తమ్మా, తలుపు ఫుట్‌పాత్‌కు గీసుకపోతది" అన్నారు.

అమ్మ అందరి ముందూ నవ్వింది. సాయంత్రం మా ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది. "గా బండి నాకొద్దు బిడ్డా. ఆటోల పోత" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కారు కొంచెం ఎత్తు చేయించమని అడిగాను.

"గది గట్ల కాదు. కంపెనీ ఎట్లిచ్చిందో గట్లనే ఉంటది. నీకు తెల్వదు" అన్నారు.

దించడం అయినప్పుడు ఎత్తడం ఎందుకు కాదని నాకు తట్టలేదు. తట్టినా అడిగేదాన్ని కాదేమో.

నెల తిరిగేసరికి కోదాడ నుంచి ఒక పెద్ద వ్యాపారి మా ఆయనతో కలిసి బియ్యం మిల్లు చూడటానికి వస్తానన్నాడు. ఆ వ్యాపారికి నడుము నొప్పి, తిప్పాల్సింది మా కారులోనే. మా ఆయన ముందురోజే సూర్యాపేట వెళ్లి, బండి ఎత్తు పెంచుకుని వచ్చారు. వాకిట్లో ఆపిన కారు చూసి నేను చీపురు పట్టుకునే నిలబడిపోయాను. చక్రం పైన మూడు వేళ్ల సందు కనబడుతోంది. మర్నాడు కోదాడ పెద్దమనిషి మా ఇంట్లో కాఫీ తాగుతూ, "స్పోర్ట్స్ కారంటే భయపడ్డానండీ. చాలా సులువుగా దిగాను" అన్నాడు. మా ఆయన నవ్వుతూ, "మీ కోసమే ఎత్తు చేపిచ్చిన సార్, ఎంతసేపు పని!" అన్నారు. నేను అక్కడే కప్పులు తీస్తున్నాను.

ఆ పెద్దమనిషి వెళ్లిన మర్నాడే కారు మళ్లీ కిందికి దిగింది.

అమ్మను మళ్లీ డాక్టర్‌కు చూపించాల్సి ఉంది. ఆదివారం ఆయన నేరేడుచర్లలో ఉన్నప్పుడు తాళాలు తీసుకుని నేనే సూర్యాపేట షెడ్డుకు నడుపుకెళ్లాను. మెకానిక్ ముందు చక్రం విప్పి చూపించాడు. స్ప్రింగ్ కింద మరలున్న రింగు ఉంది. దాన్ని పానాతో తిప్పితే బండి లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. నాలుగు చక్రాలకూ సమానంగా తిప్పి, అలైన్‌మెంట్ సరిచూడాలి. అంతే పని.

"తిప్పన్నా" అన్నాను.

"మేడం, జర సార్‌ను ఒక్కమాట అడుగుత."

"బండి నాదే. ఆర్సీ చూపించమంటవా?"

"నీదే కావచ్చు మేడం. రేపు సార్ నన్నంటడు" అని ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

"ముట్టకు. చక్రం బిగించి పంపియ్" అంది మా ఆయన గొంతు. నన్ను ఒక్క మాట అడగలేదు. మెకానిక్ నా వైపు చూడకుండా బోల్టులు బిగించాడు.

ఇంటికొచ్చాను. నాకు అరవాలనిపించింది. కూర తాలింపు పెట్టాను.

మర్నాడు అమ్మ నిడమనూరు నుంచి షేర్ ఆటోలో వచ్చింది. ఇద్దరం సూర్యాపేట బస్సెక్కాం. బస్సు మెట్టు ఎత్తు. అమ్మ రెండు చేతులూ మెట్టు మీద ఆనించి పాకుతూ ఎక్కింది. "గిదే నయం బిడ్డా, ఎవల్ని అడుగుడు లేదు" అంది. కండక్టర్ తొందరపెడుతున్నాడు.

డాక్టర్ ఆపరేషన్ చేయాలన్నాడు. ఆపరేషన్ రోజున నేను కిరాయి బండి మాట్లాడుకున్నాను. మా ఆయన తర్వాత కారులో వచ్చారు. దవాఖాన ర్యాంపు ఎక్కుతుంటే కారు అడుగు గట్టిగా గీసుకున్న చప్పుడు మూడో అంతస్తు కిటికీలోకి వినిపించింది. కిందికి చూశాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకు ఆనించి బండి కిందికి చూస్తున్నారు. చాలాసేపు అలాగే ఉన్నారు. "అల్లుడొచ్చిండా?" అని అమ్మ అడిగింది. వస్తున్నారని చెప్పాను. ఆయన పైకి వచ్చేసరికి అమ్మను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లిపోయారు.

అమ్మ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. "మా అత్తమ్మకు కార్లంటే పడదు" అని ఆయన వచ్చినవాళ్లతో చెబుతుంటారు. నేను సరిదిద్దను. నా పేరు మీదున్న కారు వాకిట్లో ఉన్నా, బడికి ఆటోలో వెళ్తున్నాను.