వదిన బాగుచేసిన కంప్యూటర్లు

మా వదిన పోయిందని సోమవారం పొద్దున జిగణి నుంచి అన్న ఫోన్ చేశాడు. వంటింట్లో ఉన్నట్టుండి కుప్పకూలిందట. ఆస్పత్రికి చేర్చేలోపే గుండె ఆగిపోయింది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. రాయాల్సింది చాలావరకు నా అసూయ గురించేనని రెండు వాక్యాలకే తెలిసిపోయింది.

వదిన పదో తరగతి వరకే చదివింది. జిగణిలో ఒక ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డుల పని చేసేది. అది మూతబడ్డాక ఇంట్లోనే కంప్యూటర్లు బాగుచేయడం మొదలుపెట్టింది. విప్పిన స్క్రూలను ఇడ్లీ రేకు గుంతల్లో విడివిడిగా వేసుకునేది. లోపలి భాగాలను ముట్టే ముందు కిటికీ ఊచను ఒకసారి తాకేది, ఒంట్లోని కరెంటు వాటిని పాడుచేయకూడదని. నేను ఇంజనీరింగ్ చదివి సర్జాపుర రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. అయినా చుట్టాల్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్ ఆమెకే వెళ్ళేది. "వానికి రాదులే, కోడల్ని అడగండి" అనేది మా అమ్మ, నా ఎదుటే.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం. డిజైన్ కాలేజీలో చేరడానికి మా అమ్మాయి వేసిన బొమ్మలన్నీ ఇంట్లో కంప్యూటర్‌లో ఉన్నాయి. చోటు చాలడం లేదంటే, పాత హార్డ్ డిస్కు పక్కనే ఇంకో కొత్తది నేనే బిగించాను. స్విచ్ వేస్తే నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్లటి వాక్యం వచ్చి ఆగిపోయింది. మధ్యాహ్నం దాకా వైర్లు పీకుతూ, పెడుతూ ఉన్నాను. చివరికి, పాత డిస్కు పోయింది, అంతా చెరిపేసి మళ్ళీ మొదటినుంచీ ఎక్కించాల్సిందే అన్నాను. అమ్మాయి లేచింది. బాల్కనీలోకి వెళ్ళి పెద్దమ్మకు ఫోన్ చేసింది.

వదిన రెండు బస్సులు మారి వచ్చింది.

"ఏమప్పా, చెడక ముందు ఏం మార్చినావు?"

"ఏమీ మార్చలేదు వదినా. కొత్త డిస్కు పెట్టాను, అంతే."

"మార్చడమంటే అదే కదప్పా. స్వల్ప ఆగు. చెరిపేది ఎప్పుడైనా చెరపొచ్చు."

కొత్త డిస్కు వైరు తీసి స్విచ్ వేసింది. కంప్యూటర్ మామూలుగా తెరుచుకుంది. మళ్ళీ వైరు తగిలించి, సెట్టింగుల పేజీ తెరిచింది.

"కొత్తది ఖాళీగా ఉండాది. తెరుచుకునేదానికి కావాల్సింది పాతదాంట్లో ఉంటే, ఇది పోయి ముందు కొత్తదాంట్లోనే వెతుకుతా ఉండాది. పాతదాన్ని మొదట పెడితే సరిపోతాది" అని తన చెయ్యి వెనక్కి తీసుకుంది. "నువ్వే మార్చు బంగారూ."

అమ్మాయే మార్చింది. బొమ్మలన్నీ ఉన్నాయి. అది లేచి పెద్దమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది. నేను చెల్లాచెదురుగా పడివున్న స్క్రూలు ఏరుకుంటున్నాను. ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే, "నీ కొడుకే చేసినాడత్తా, నేను ఊరికే చూస్తా కూర్చున్యా" అంది వదిన. ఆ మాట నన్ను మరింత మండించింది. ఆమెకు కృతజ్ఞతలు చెప్పలేదు.

సెలవుల్లో ఒక నెల జిగణిలో ఉండి పెద్దమ్మ దగ్గర ఈ పని నేర్చుకుంటానని అడిగింది అమ్మాయి. దూరమన్నాను, ఎండలన్నాను. నా కూతురు ఆమెను చూసినట్టు నన్నెప్పుడూ చూడలేదన్నదే అసలు కారణం. వదిన కారణం అడగలేదు. కలిసినప్పుడల్లా "వీలైనప్పుడు పంపప్పా" అనేది. వీలు నా చేతిలోనే ఉండేది. పంపలేదు.

అంత్యక్రియలకు బడి టీచర్లు, జెరాక్స్ షాపువాళ్ళు, ఎవరెవరో వచ్చారు. ఒకాయన కన్నడంలో తన లెక్చర్ నోట్సంతా ఆమె ఎలా కాపాడిందో చెప్పి ఏడ్చాడు. శవం పక్కన నిలబడి కూడా, నేను పోతే ఇంతమంది వస్తారా అని లెక్కేసుకున్నాను. సిగ్గేసింది. అయినా ఆ ఆలోచన ఆగలేదు.

పదకొండో రోజు నేనూ అమ్మాయీ వదిన గదిలోకి వెళ్ళాం. ఎవరో టైలరుదట, సగం విప్పిన కంప్యూటర్ బల్ల మీద ఉంది. అమ్మాయి బల్ల ముందున్న వదిన కుర్చీలో కూర్చోలేదు. కంప్యూటర్‌ను కిందికి దించి నేలమీద కూర్చుంది. దాని వేళ్ళు తడబడకుండా కదులుతుంటే చూస్తున్నాను.

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావు?"

"పెద్దమ్మ వీడియో కాల్‌లో నేర్పించేది నాన్నా. మూడేళ్ళుగా" అంది తల ఎత్తకుండానే. "లైటు కొంచెం ఇటు పట్టుకో."

ఫోన్ లైటు వేసి పట్టుకున్నాను. చాలాసేపటికి ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. అమ్మాయి నావైపు చూడలేదు. ఆ ఖాళీ కుర్చీవైపు తిరిగి నవ్వింది. నేను లైటు అలాగే పట్టుకుని ఉన్నాను.