సూపర్‌వైజరుకే బంతి

తొంభైల్లో మత్తిగిరి మైదానంలో మా ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టు ఆటకు ఒకటే పద్ధతి: బంతి ఎవరికి దొరికినా సూపర్‌వైజరుకు ఇచ్చెయ్యాలి. ఆయన బానపొట్టతో గోలు ముందు నిలబడి చెయ్యెత్తేవాడు, పరిగెత్తేవాడు కాదు. ఎవరికి ఏ షిఫ్టో రాసేది ఆయనే కాబట్టి ఇచ్చేవాళ్లం. ఎదుటి జట్లు ఇద్దరిని ఆయన పక్కన కాపలా పెట్టి మమ్మల్ని చితక్కొట్టేవి. లీగులో అట్టడుగున మేమే. ఒకసారి మా జట్టులోని వేప్పనపల్లి వెల్డరు ఒకడు ఆయనకివ్వకుండా తానే గోలు కొట్టాడు. ఆ ఏడాదికి మాకదొక్కటే గోలు. సోమవారం నుంచి నెలరోజులు అతనికి ఫర్నేసు దగ్గర డ్యూటీ పడింది.

రిటైరైన మరుసటి ఆదివారం ఆయన బూట్లేసుకుని వచ్చాడు.

"నన్నూ ఆడనీండప్పా," అన్నాడు.

"రాండి సార్, మీ చోటు ఆడనే ఉంది," అన్నాను.

ఆటంతా ఆయన చెయ్యెత్తి "ఈడ, ఈడ" అని అరుస్తూనే ఉన్నాడు. మాలో ఒక్కరం కూడా బంతి ఇవ్వలేదు. కాసేపటికి ఎదుటివాళ్లు కూడా ఆయనకు కాపలా మానేశారు. గొంతు పోయినా ఆయన చెయ్యి మాత్రం దించలేదు. నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయి, గెలిచినవాళ్లలా నవ్వుకుంటూ ఇళ్లకు పోయాం.