ఆఖరి డబ్బా

గంగాధరరావు గారు పోయి ఏడు నెలలైనా, జబ్బులో ఆయన తాగిన ప్రోటీన్ పొడి డబ్బాలు అటక మీదే ఉన్నాయి. ఆ రోజు ఆయన భార్య కోటేశ్వరమ్మ పదకొండింటినీ దించి, కడిగి, లేబుళ్లు ఊడడానికి టబ్బు నీళ్లలో వేసింది. కాగితం అంటుకుని ఉంటే పాత సామాన్ల అండాలమ్మ తీసుకోదు.

సకల జనుల సమ్మె రోజులు. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి నినాదాలు దగ్గరవుతున్నాయి. గేటు ముందు తోపుడుబండి ఆపుకుని అండాలమ్మ ఒకటే తొందర.

"జల్దియ్యమ్మా! చౌరస్తా మూస్తె మన్సూరాబాద్ ఎట్ల పోవాలె? మీ ఆంధ్రోళ్లకేంది, తలుపేస్కొని టీవీ చూస్తరు."

"చూస్తే నీ సొమ్మేం పోయింది?" అంటూనే కోటేశ్వరమ్మ, చేతికందింది కదా అని గూట్లో విడిగా పెట్టుకున్న డబ్బా కూడా తీసి టబ్బులో పడేసింది. మునిగాక గుర్తొచ్చింది, అది ఆయన వాడిన ఆఖరి డబ్బా.

మూత తీసిన రోజున లేబుల్ మీద ఇంకు పెన్నుతో తేదీ రాయడం ఆయన అలవాటు. ఆ అంకెలు పోతే పోనీ అనుకుంది. కానీ ఆఖరి డబ్బా మీద తేదీ కింద ఇంకో మాట రాశారు. ఆయన చేత్తో రాసిన మాట ఇంట్లో ఇంకెక్కడా లేదు.

పైకి లాగేసరికి వేళ్లన్నీ నీలం. లేబుల్ ఒక పక్క ఊడి వేలాడుతోంది. గోరుతో రెండో పక్క తీయబోతే మూల చిరిగింది.

"ఆగాగు! తడి కాయితాన్ని గట్ల గీకుతరా?" అండాలమ్మ బండి వదిలేసి లోపలికొచ్చింది. "డబ్బల ఉడుకునీళ్లు పొయ్యి. లోపలికెల్లి కాక తగుల్తె జిగురు ఇడుస్తది."

స్టవ్ మీద ఎసరు మరుగుతోంది. కోటేశ్వరమ్మ అదే తెచ్చి పోసింది. నినాదాలు సందు మలుపు దాకా వచ్చేశాయి. అండాలమ్మ ఒకసారి రోడ్డు వైపు చూసింది. కదల్లేదు. కొంగుతో డబ్బా పట్టుకుని, అరచేత్తో కాగితాన్ని మెల్లగా జరిపింది. జరిపింది, జరిపింది... మొత్తం చేతిలోకి వచ్చింది.

తేదీ కరిగిపోయింది. కింది మాట మసకగానైనా మిగిలింది.

"ఏం రాసిండమ్మ సారు?"

"మూత గట్టిగా పెట్టమని."

"గింతేనా! గిందుకేనా నా తొవ్వ బందైంది?"

కోటేశ్వరమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాగితాన్ని బీరువా అద్దానికి అంటించి వచ్చింది. బయట గుంపు ఇంటి దాకా వచ్చింది. ఇద్దరూ కలిసి బండిని లోపలికి తోశారు. కోటేశ్వరమ్మ గేటు గట్టిగా వేసి గడియ పెట్టింది.

"కూర్చో అండాలూ. మళ్లీ ఎసరు పెట్టాలి."