మా ఆయన విడవలేని బట్టలు

యుద్ధం రోజుల్లో నరసరావుపేటలో కొత్తగుడ్డ కంటపడటమే గగనంగా ఉండేది. కంట్రోలు షాపు ముందు ఎండలో నిలబడి నిలబడి, తీరా మన వంతు వచ్చేసరికి "అయిపోయింది, మళ్ళీ వారం రండి" అనేవాళ్ళు. ఆడవాళ్ళు చిరిగిపోయిన రెండు చీరల్లో బాగున్న ముక్కలు కత్తిరించి, కలిపి కుట్టుకుని ఒక చీరగా కట్టుకునేవాళ్ళు. అట్లాంటి రోజుల్లో మా ఇంట్లో బీరువా తలుపు తెరిస్తే బట్టలు మీద పడేవి.

ఆ బట్టలు నావి కావు. ఈ సంగతి ముందే చెప్పటం మంచిది. ఎందుకంటే ఎవరికి చెప్పినా ముందు నా చీరల వంకే చూస్తారు. నా చీరలు మంచం కింద ఒక రేకుపెట్టెలో ఉండేవి. మా అత్తగారివి ఆమె తలాపున చిన్న చెక్కపెట్టెలో ఉండేవి. నిలువుటద్దం ఉన్న ఆ టేకు బీరువా మొత్తం మా ఆయనది.

మా ఆయన వకీలు గుమాస్తా. కోర్టుకు పోయే మనిషి నలుగురిలో నీటుగా కనపడాలని ఆయన వాదం. దాన్ని ఎవరూ కాదనలేదు. నీటుతనం ఎప్పుడో పోయిన బట్టల్ని కూడా వదలకపోవటమే మా బాధ. కాలరు చిరిగిన చొక్కా ఇంట్లో వేసుకోవటానికట. మోచేతుల దగ్గర చిరిగింది పడుకునేటప్పటికట. రెండుచోట్లా చిరిగింది ఇంటికి వెల్ల వేసేటప్పటికట. పెళ్ళయ్యాక ఆయన చేతిలో సున్నం కుంచె నేనెన్నడూ చూళ్ళేదు. బీరువా మూయాలంటే నేను తలుపుకు వీపు ఆనించి కాళ్ళు తన్నిపట్టి నెట్టాలి, ఆయన గబుక్కున తాళం తిప్పాలి. ఒక్కోసారి కండువా కొస తలుపు సందులో ఇరుక్కుని బయటికి వేలాడుతుండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం చిలకలూరిపేట రోడ్డు వైపు, ఊరి చివరి పూరిళ్ళు అంటుకున్నాయి. వడగాలి మీదుంది. ఒక కప్పు మీదనుంచి ఇంకో కప్పు మీదికి దూకుతూ మంట ఆ వరసంతా తినేసింది. మనుషులు ఎట్లాగో బయటపడ్డారు. ఒంటిమీది గుడ్డ తప్ప వాళ్ళకు ఇంకేం మిగల్లేదు. అందర్నీ దగ్గర్లో ఉన్న బడికి చేర్చారు.

ఆ బళ్ళో పాఠాలు చెప్పే టీచరమ్మ మా వీధి చివర ఉండేది. క్రైస్తవుల అమ్మాయి. సన్నగా ఉండేది, మాట మాత్రం కొట్టినట్టు చెప్పేది. నన్ను వదినా అనేది, మా ఆయన్ని అన్నయ్యా అనేది, మా అత్తగారిని పెద్దమ్మా అనేది. వరసలు ఇన్ని ఉన్నా, వచ్చినప్పుడల్లా వసారాలో కూర్చుని పోయేదే తప్ప గడప దాటి లోపలికి వచ్చేది కాదు. మా అత్తగారు రమ్మనలేదు, ఆమె వస్తాననలేదు.

నిప్పంటుకున్న మర్నాడు సాయంత్రం టీచరమ్మ పాతబట్టలు అడుగుతూ ఇల్లిల్లూ తిరుగుతోంది. కోర్టుకు సెలవులు. మా ఆయన వకీలుగారింట్లో కూర్చుని తిరిగొస్తూ వీధిలో ఆమెకు ఎదురుపడ్డాడు. చుట్టూ నలుగురు ఉన్నారు. నలుగురు ఉన్నప్పుడు ఆయన గొంతు తనంతటదే పెరుగుతుంది.

"నువ్వు ఇంత ఎండలో తిరగటం ఎందుకమ్మాయ్? మా బీరువా ఒక్కటి చాలు. రేపొద్దున వచ్చి మూట తీసుకుపో."

లోపల మా అత్తగారు చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. చెయ్యి ఆపి నా వంక చూసింది.

"ఏమే అమ్మాయ్, ఆ మాటన్నది మావాడేనా?"

"ఆయనే అత్తయ్యా."

"ఎండదెబ్బ తగిలిందేమో, మజ్జిగ కలుపు."

మజ్జిగ తాగి, చొక్కా విప్పి, ఆయన బీరువా ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇచ్చేవి కుడివైపు, ఉంచేవి ఎడమవైపు అన్నాడు. నేను ఒక్కొక్కటే తీసి చేతికిస్తున్నాను. ముందు మెడదాకా బొత్తాలుండే కోటు వచ్చింది. పెళ్ళికి ముందు కుట్టించుకున్నది. బొజ్జ దగ్గర బొత్తాలకీ కాజాలకీ మధ్య జానెడు ఎడం.

"ఇది ఇచ్చేది," అన్నాను.

"అదెట్టా ఇస్తారే? పెళ్ళిచూపులకు మీ కారంపూడి వచ్చినప్పుడు వేసుకున్న కోటు. నీకు గుర్తులేదూ?"

"నేను తలొంచుకుని కూర్చున్నా గదా. కోటు యాడ చూశా? మీ కాళ్ళు చూశా."

ఆయన కాసేపు తన కాళ్ళ వంక చూసుకుని, కోటును ఎడమవైపు పెట్టాడు.

తర్వాత ఖద్దరు లాల్చీ. ఎవరో మీటింగులో మాట్లాడుతుంటే విని, ఆవేశపడి కుట్టించుకున్నాడు. ఒకపూట తొడుక్కుని ఒళ్ళంతా గోక్కుని విప్పేశాడు. "స్వరాజ్యం వచ్చినరోజున ఏం తొడుక్కోమంటావ్?" అని అడిగాడు. స్వరాజ్యానికి అడ్డం చెప్పటం నాకిష్టం లేదు. అదీ ఎడమవైపే పోయింది. ఆ తర్వాత ఏదో దావా గెలిచినప్పుడు వకీలుగారిచ్చిన పట్టు కండువా. దాని మీద సిరా పడి సగం నీలంగా ఉంది. సిరా పడింది గాబట్టి ఇవ్వటానికి పనికిరాదన్నాడు. మరి ఉంచటానికి ఎట్లా పనికొస్తుందని అడిగితే, వకీలుగారు ఇచ్చిందన్నాడు.

చీకటి పడబోయేసరికి ఎడమవైపు కుప్ప వెనక ఆయన తల మాత్రం కనపడుతోంది. కుడివైపు కొన్ని పాత పంచెలు, రెండు బనీన్లు చేరాయి. ఆ పంచెలు ఎంత అరిగాయంటే అడ్డం పెడితే అవతల దీపం కనపడేది.

"చూశావా, ఇచ్చా గదా," అన్నాడు. ఆపైన నా నవ్వు చూసి, "అంత నవ్వుతున్నావ్ గానీ, నీ పెట్టె సంగతేంది?" అన్నాడు.

నాకేం భయం? రేకుపెట్టె బయటికి లాగి, కట్టని చీరలు రెండు ఠక్కున తీసి మూటలో వేశాను. మూడోది మా అమ్మ పెట్టిన చిలకపచ్చ చీర. అంచు చిరిగింది, కట్టి ఏళ్ళయింది. అదీ వేశాను. వేసినదాన్ని ఊరుకోకుండా ఒకసారి చెయ్యి పెట్టి నిమిరాను. నిమిరినదాన్ని మెల్లిగా ఇవతలికి లాక్కున్నాను.

"ఏందే, మళ్ళీ తీశావ్?"

"మడత సరిచేస్తన్నా."

"చెయ్యి చెయ్యి. పెట్టెలో పెట్టి సరిచెయ్యి," అన్నాడు. ఆ పూట నేను నవ్విన నవ్వులన్నిటికీ కలిపి ఒక్కసారే నవ్వాడు.

ఈ గొడవ వింటూ మా అత్తగారు లేచింది. తన చెక్కపెట్టె తెరిచి, అడుగునుంచి రెండు తెల్లచీరలు తెచ్చి మూట మీద పెట్టింది. మడత విప్పనివి, గంజి కూడా పోనివి. యుద్ధానికి ముందు ఆమె తమ్ముడు పెట్టినవి. ఊళ్ళో కొత్తగుడ్డ లేక పెళ్ళిళ్ళు వాయిదా పడుతున్న రోజుల్లో ఆమె పెట్టెలో అవి ఉన్నాయని మా ఇద్దరికీ తెలియదు.

"అయ్యి కొత్తవి గదత్తయ్యా!" అన్నాను.

"కొత్తవి గనకనే ఇస్తన్నా. పాతవి నాకు అలవాటైనయ్." అంతే అని మళ్ళీ వెళ్ళి చింతపండు ముందు కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే టీచరమ్మ వచ్చింది. వసారాలో కూర్చుని మూట విప్పింది. పైనున్న తెల్లచీరల్ని, నా చీరల్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. కింద మా ఆయన పంచెలు వచ్చాయి. ఒకటి విప్పి రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుంది. దానిలోంచి మా వీధి, వీధిలో పోతున్న ఎద్దులబండి, బండిమీది మనిషి తలగుడ్డ రంగుతో సహా కనపడ్డాయి.

"అన్నయ్యా," అంది చాలా మర్యాదగా, "ఇయ్యి మీ బీరువాలోయా, కాలిన ఇళ్ళల్లో దొరికినయ్యా?"

మా అత్తగారు పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా భుజాలు ఆగలేదు. మా ఆయన ముఖం కందగడ్డలా అయింది. నాకు ఒక పక్క నవ్వు, ఒక పక్క జాలి. నలుగురిలో నీటుగా ఉండాలనుకునే మనిషికి, అరిగిన పంచె తన ఇంటిముందే జెండాలా ఎగరటం మామూలు సంగతి కాదు. ఆయన గడపలోంచి పక్కకు జరిగాడు.

"లోపలికి రా అమ్మాయ్. బీరువా తెరిచే ఉంది. నీ ఇష్టం వచ్చినయ్యి నువ్వే తీసుకో. నేను చూడను."

టీచరమ్మ లేచింది. గడప దగ్గర ఆగి మా అత్తగారి వంక చూసింది. నేనూ చూశాను.

"ఏంది చూస్తావ్? రా," అంది మా అత్తగారు. "వాడి మనసు మారకముందే రా."

ఆమె లోపలికొచ్చింది. ఆమె చెయ్యి వేసే పద్ధతి చూస్తే నాకు ముచ్చటేసింది. కోటు, చొక్కాలు, మంచి పంచెలు, కండువాలు, ఖద్దరు లాల్చీ, అన్నీ తీసి చకచకా మూట కడుతోంది. మా ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చూడనన్నాడు గానీ, తెరిచిన బీరువా తలుపు అద్దం ఆయన ఎదురుగానే ఉంది.

"ఆ చారల చొక్కా ఎండలో ఆరెయ్యొద్దని చెప్పమ్మాయ్. రంగు దిగుద్ది."

"అట్టాగే అన్నయ్యా."

"ఆ కోటు రెండో బొత్తాం కాస్త వదులు."

"నేను కుట్టిస్తాలే అన్నయ్యా."

అరిగిన పంచెల్ని మాత్రం ఆమె నా ముందుకు నెట్టింది. "ఇయ్యి ఇల్లు తుడుచుకోండొదినా" అంది. మా ఆయనకు పౌరుషం వచ్చింది. ఇస్తానన్నవి ఇచ్చి తీరాల్సిందేనని వాటిని విడిగా మూట కట్టి చంకన పెట్టుకున్నాడు. బయల్దేరబోతుంటే మా అత్తగారు లోపల్నుంచి చెంబుతో మజ్జిగ తెచ్చి టీచరమ్మ చేతికిచ్చింది. ఆమె నిలబడే తాగింది.

ముగ్గురం బడికి పోయాం. బల్లలన్నీ గోడకు జరిపి, నేలమీద కుటుంబాలు కుటుంబాలుగా కూర్చున్నారు. ఇంకా పొగవాసన పోలేదు. టీచరమ్మ ఎవరికేది సరిపోతుందో చూసి ఇస్తూ పోతోంది. పెళ్ళిచూపుల కోటు ఒక ముసలాయనకు వెళ్ళింది. ఆయన దాన్ని అప్పటికప్పుడే చొక్కా లేని ఒంటిమీద తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. ఆయనకు అన్నీ పట్టాయి. చెమట ధారగా కారుతోంది. మా ఆయన చూడలేకపోయాడు.

"ఈ ఎండలో ఎందుకు తాతా? చలికాలానికి దాచుకో."

"యాడ దాచేది నాయనా? పెట్టె గూడా కాలిపాయె. ఒంటిమీదుంటేనే నాది."

మా ఆయన వంగి, ముసలాయన కాలరు వెనకవైపు మడత పడి ఉంటే సర్దాడు. ఆ తర్వాత చాలాసేపు టీచరమ్మ పక్కనే నిలబడి, చొక్కాలు అందించే పని తనే చేశాడు. వేటికీ జాగ్రత్తలు చెప్పలేదు.

అంతా అయిపోవస్తుండగా వెనక గదిలోంచి ఒక పెద్దామె వచ్చింది. ఆమె కూతురు ఆ గదిలోనే ఆ తెల్లవారుజామున ప్రసవించిందట.

"టీచరమ్మా, మెత్తటి పాతగుడ్డలేమన్నా ఉన్నయ్యా? ఈ కొత్తగుడ్డ గంజికి పసిగుడ్డు ఒళ్ళు గీసుకపోతంది. బాగా అరిగినయ్యి కావాల."

మా ఆయన చంకలోని మూట తీసిన తీరు నేను ఈ జన్మలో మరిచిపోను. దావాకి ప్రాణమైన సాక్షిని కూడా ఏ వకీలూ అంత దర్జాగా ముందుకు తెచ్చి ఉండడు. పెద్దామె పంచె ఒకటి చెంపకు ఆనించి చూసుకుంది. "అబ్బ, వెన్నలాగుంది నాయనా. ఎన్నేళ్ళు కట్టావో గానీ" అంది. ఆయన పంచెల్ని ఎవరైనా మెచ్చుకోవటం నేను వినటం అదే మొదలు.

టీచరమ్మ రెండు చేతులూ జోడించింది. "ఓడిపోయా అన్నయ్యా."

దారి పొడుగునా ఆయన మాట ఆగలేదు. గుడ్డను అరగదియ్యటం అందరికీ చేతగాదనీ, దానికి ఓపిక కావాలనీ, తన పద్ధతి ఇన్నాళ్ళకు రుజువైందనీ చెప్పుకుంటూ నడిచాడు. నేను తల ఊపుతూ వచ్చాను. ఇంక జన్మలో ఆయన చేత పాతపంచె పారేయించటం నా వల్ల కాదని అప్పుడే అర్థమైంది. అట్లాగే జరిగింది. నేను పీలిక పట్టుకుంటే చాలు, "ఊళ్ళో కాన్పులు ఆగిపోయినయ్యా?" అనేవాడు.

వానలకు ముందే వాళ్ళు కొత్త కప్పులు వేసుకుని మళ్ళీ ఇళ్ళల్లో చేరారు. టీచరమ్మ వస్తే ఇప్పుడు లోపలే, మా అత్తగారి చాప మీదే కూర్చునేది. ఇద్దరూ కలిసి మా ఆయన మీద ఛలోక్తులు విసురుతుంటే నాకు పని తక్కువైంది.

కోర్టు తెరిచాకే అసలు ఇబ్బంది వచ్చింది. ఆయనకు పైకి వేసుకునే చొక్కాలు మూడే మిగిలాయి. చాకలి వారానికొకసారి తెచ్చిచ్చేదాకా ఆగితే జరగదు. కంట్రోలు షాపులో గుడ్డ వచ్చేదాకా రోజూ ఉతికి ఇస్త్రీ చెయ్యటం నా వంతైంది. ఒక వారం చేశాను. రెండో వారం ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసి, రాజేసి, తెచ్చి ఆయన ముందే పెట్టాను.

"ఇదేంది?" అన్నాడు.

"నీటుగా ఉండాలి గదా," అన్నాను.

కొడుకు చేత ఇస్త్రీ చేయిస్తున్నందుకు మా అత్తగారు ఏమంటుందోనని ఓరకంట చూశాను. ఆమె లేచి, తన పెట్టెలోంచి నలిగిన చీర ఒకటి తెచ్చి, ఇస్త్రీకి ఉన్న ఆయన చొక్కా కింద వరసలో పెట్టింది.