బావగారు విన్న బూర

మా బావగారు పోయారు. మొన్న శుక్రవారం తెల్లారుతుండగా మేనల్లుడు వచ్చి గుమ్మంలోనే నిలబడి, "మావయ్యా, నాన్న ఊపిరి ఆగిపోయింది" అన్నాడు. ఊపిరితిత్తులు చాలాకాలంగా బాగాలేవు. జన్మంతా సన్నాయి ఊదిన మనిషి, చివరి రోజుల్లో గ్లాసులో టీ చల్లార్చుకోవడానికి కూడా ఊదలేకపోయారు. ఆ గ్లాసు చూసి మొహం తిప్పుకునేవాణ్ణి.

నాకు రాయడం అలవాటు లేదు. ఊరి బడిలో నేర్చిన నాలుగు అక్షరాలే. ఆయన గురించి ఎవరైనా రాస్తారేమో అనుకున్నాను. ఎవరూ రాసేట్టు లేరు.

రామచంద్రపురం దగ్గర మా ఊరి గుళ్ళో ఆయన సన్నాయి, నేను పక్కన శ్రుతి. శ్రుతి అంటే చూడ్డానికి సన్నాయిలాగే ఉంటుంది గానీ వేళ్ళు ఆడించే పని లేదు. ఒకటే స్వరం, తెగకుండా పట్టాలి. బుగ్గల్లో గాలి నిలుపుకుని ముక్కుతో పీల్చుకోవడం ఆయనే నేర్పారు. "ఊపిరి ఎక్కడ తీశావో వినేవాడికి తెలియకూడదురా" అనేవారు. బాగా పట్టిన రోజు మెచ్చుకునేవారు కాదు. తన తమలపాకుల పొట్లం నా వైపు జరిపేవారు, అంతే.

ఒకసారి రామచంద్రపురంలో బ్యాంకు మేనేజరు గారి గృహప్రవేశానికి వెళ్ళాం. ఆయన కలకత్తాలో ఉద్యోగం చేసి వచ్చినవారు. భోజనాలయ్యాక మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, టేప్ రికార్డర్‌లో ఒక క్యాసెట్ పెట్టారు. ఏదో పరదేశం బూర. మా డోలు ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇదేంటండీ బాబూ, జలుబు చేసినట్టుంది బూరకి!"

బావగారు నవ్వలేదు. నోట్లో ఆకు నమలడం ఆపేశారు.

"అయ్యగారూ, ఇంకోసారి పెట్టండి."

మళ్ళీ పెట్టారు. బావగారు సన్నాయి తీసి, టేపు పక్కనే మెల్లగా పట్టుకున్నారు. నాలుగైదు స్వరాలు వెతికి ఆగారు.

"శుద్ధ ధన్యాసి రాగం కదండీ ఇది!"

"అమెరికాలో నల్లవాళ్ళు దీన్ని బ్లూస్ అంటారండి. జాజ్ వాయించేవాళ్ళు అందులోంచే అల్లుకుపోతారు. అప్పటికప్పుడే, కాగితం ఉండదు."

"మన స్వరకల్పనలాగన్న మాట. ఆ గాంధారం చూడండి, నిలబెట్టకుండా ఎలా జారుస్తున్నాడో! మా గురువుగారి చేత దెబ్బలు తిని నేర్చుకున్నానండి అది. ఈయన్నెవరు కొట్టారో!"

నాకు మాత్రం ఒకటి అంతుపట్టలేదు. "బావగారూ, శ్రుతి ఏదండీ ఇందులో?" అన్నాను. అడుగున లావు తీగ ఒకటి మోగుతోంది, అది విను అన్నారు. విన్నాను. అది ఒకచోట నిలవడంలేదు, మెట్లు ఎక్కుతోంది, దిగుతోంది.

"నడుస్తోందేంటండీ?"

"వాళ్ళ శ్రుతి నడుస్తుందిరా బావమరిదీ. నువ్వే, గుంజకి కట్టేసినట్టు ఉంటావు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మేనేజరు గారు ఆ నవ్వులోనే, ఇలాంటి పాటలు వాళ్ళు చావు ఊరేగింపులో వాయిస్తారని చెప్పారు. వెళ్ళేటప్పుడు నెమ్మదిగా, తిరిగివచ్చేటప్పుడు హుషారుగా.

"చావుకా?" అన్నారు బావగారు. "ఊళ్ళో ఎవరూ ఏమీ అనరా అండీ?"

"వాయించకపోతే అంటారండి."

మాది గుడి మేళం. మంగళవాద్యం. పెళ్ళికి మోగుతుంది, స్వామి పల్లకీ ముందు మోగుతుంది, చావు ఇంట్లో మోగదు. మోగితే ఆ సన్నాయి మళ్ళీ గుడిమెట్లు ఎక్కకూడదు. అంతకుముందు మా అక్క, అంటే ఆయన భార్య, పోయినప్పుడు కూడా సన్నాయి గుడ్డసంచిలో మేకుకి వేలాడుతూనే ఉంది. ఆయన చేతులు కట్టుకుని పాడె వెనక నడిచారు.

తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ, "మీ అక్కని ఉత్తినే పంపించేశాన్రా" అన్నారు.

మేనేజరు గారిచ్చిన ఆ క్యాసెట్ సాగిపోయేదాకా విన్నారు. ఒక్కో సాయంకాలం పల్లకీసేవలో ఆ జారుడు గాంధారం వినపడేది. డోలు ఆయన నా చెవిలో, "బూరాయన గుళ్ళోకి వచ్చేశాడ్రోయ్" అనేవాడు.

తర్వాత ఆ డోలు ఆయనా పోయాడు. బావగారు గుడి పెద్దల దగ్గరికి వెళ్ళి, స్నేహితుడి పాడె ముందు కాసేపు వాయిస్తానని అడిగారు. వాళ్ళు కోప్పడలేదు. "వాయించుకోండి. ఆనక ఆ సన్నాయితో గుళ్ళోకి మాత్రం రాకండి" అన్నారు. గుడి ఇచ్చిన పొలం చెక్కే మా అందరి తిండి. కొడుకు అప్పుడప్పుడే సన్నాయి పట్టి పల్లకీసేవకి వస్తున్నాడు. బావగారు వెనక్కి తిరిగి వచ్చేశారు. స్నేహితుణ్ణీ ఉత్తినే పంపారు.

ఆ రోజు నన్నూ కొడుకునీ కూర్చోబెట్టి, "నన్ను మాత్రం ఉత్తినే పంపకండ్రా" అన్నారు. కొడుకు తల వంచుకున్నాడు. ఆయన మరి రెట్టించలేదు. ఆ మాట మా మధ్య అలాగే ఉండిపోయింది. మంచాన పడ్డాక కూడా మళ్ళీ ఎత్తలేదు, మా మొహాలు మాత్రం చూసేవారు.

ఇప్పుడు గుళ్ళో సన్నాయి మేనల్లుడే. వాడు పాడె ముందు వాయించలేడు. వాయించమని నేనెలా అడగను? వాడికి ఇద్దరు పిల్లలు. గుళ్ళో కరెంటు శ్రుతిపెట్టె వచ్చాక నన్ను పిలవడం మానేశారు. నన్ను ఆపడానికి ఇంకేం లేదు.

బావగారి పాడె కాలవ గట్టు ఎక్కాక శ్రుతి తీసి నోట పెట్టుకున్నాను. దండ వేసి మాతో నడుస్తున్న గుడి పెద్దాయన ఒకరు వెనక్కి తిరిగారు.

"ఏంటండీ అది?"

"శ్రుతండి. పాట కాదండి."

ఆయన ముందుకి తిరిగి, నేల చూస్తూ నడిచారు.

ఒక్క స్వరం. దాని పైన ఏమీ లేదు. నా ఊపిరి చాలాచోట్ల తెగింది, అందరికీ తెలిసేలాగే తెగింది. ముందు మేనల్లుడు కుడిచేత్తో నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్నాడు. పొగ వాడి మొహం మీదికే వస్తోంది. వాడు వెనక్కి చూడలేదు. ఖాళీగా వేలాడుతున్న ఎడమచేతి వేళ్ళు మాత్రం తడిపంచె మీద ఒకటొకటిగా లేస్తున్నాయి, పడుతున్నాయి.