భావనారాయణ గారి నాలుక పరీక్ష

సత్తెనపల్లిలో భావనారాయణ చేతి పోర్టు వైను తాగాలంటే ముందు నాలుక చాపాలి. కులం అడగడు, గోత్రం అడగడు, ఆస్తిపాస్తులు అసలే అడగడు. నాలుక చూపించమంటాడు. దాని మీద మిరపకాయ ఆనవాలు కాస్త తగిలినా ఇక అంతే సంగతులు. ఊరి చుట్టూ మిరపతోటలు, కళ్లాల నిండా మిరపకాయలు, పీల్చే గాలిలో సగం కారం. అలాంటి ఊళ్లో ఇలాంటి నియమం పెట్టిన మనిషిని ఏమంటారు? పిసినారి అన్నారు. వెర్రిబాగులవాడన్నారు. అన్నవాళ్లే ఆదివారం పొద్దు వాలేసరికి ఆయన డాబా ఎక్కి, వరసలో నిలబడి నాలుకలు చాపారు.

భావనారాయణది పత్తి వ్యాపారం. పత్తి కొనడానికి వచ్చే దొర ఒకడు సొంత దేశానికి ఓడెక్కేముందు ఆయనకు ఈ రుచి అంటించి పోయాడు. అప్పుడు మద్యనిషేధం. జబ్బు పేరు చెబితే తప్ప చుక్క దొరికేది కాదు. ఎద్దు గుండెలాంటి గుండె పెట్టుకుని, అది మహా బలహీనమని డాక్టరు చేత రాయించి, మద్రాసు నుంచి సీసాలు తెప్పించుకునే పర్మిట్ సంపాదించాడు భావనారాయణ. అది మొదలు ఎక్సైజు ఆఫీసు ముందు నుంచి నడిచినప్పుడల్లా గుండె పట్టుకుని ఆయాసపడేవాడు. ఆఫీసు గోడ దాటగానే చెయ్యి దించి, చుట్ట వెలిగించేవాడు.

ఇక ఆ సీసా తెరవడం చూసి తీరాలి. తడి ఇసుకలో పాతిపెట్టి చల్లబరిచిన సీసాని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తేవాడు. మంగళగిరి తువ్వాలుతో తుడిచేవాడు. "ఇది మామూలు రూబీ పోర్టు కాదురోయ్, రిజర్వు! మంచి సరుకు ఏరి, పీపాల్లో పక్కన పెట్టి, పదునుకొచ్చాక సీసాలకెత్తింది" అనేవాడు. పిట్టంత గాజు గ్లాసులో సగానికి పోసి, వాలుతున్న పొద్దుకి అడ్డంగా పట్టుకునేవాడు. గ్లాసులో కెంపు వెలిగేది. డాబా మీద ఒక్కడూ ఊపిరి తీసేవాడు కాదు.

"ఇప్పుడు నాలుకలు!" అనేవాడు.

న్యాయనిర్ణేత నాగూర్ వలి. ఆయన పత్తిగింజల వ్యాపారి, చుక్క ముట్టని మనిషి. ముట్టడు కాబట్టి పక్షపాతం ఉండదని భావనారాయణ ఏరికోరి ఆ పదవిలో కూర్చోబెట్టాడు.

"సీతారామాంజనేయులు గారూ, ఇంకాస్త చాపండి. ఆఁ... మధ్యాన్నం పెరుగన్నంలో పచ్చిమిరపకాయ నంజుకున్నారు."

"ఒకటేనయ్యా! అదీ కొరికీ కొరక్కుండా!"

"కొరికారుగా" అనేవాడు భావనారాయణ. "కిందికెళ్లి మజ్జిగ తాగి పొండి. కారం తిన్న నాలుక మీద ఈ వైను పొయ్యడం, దూదిబస్తా మీద పన్నీరు చల్లడం ఒకటే."

అందరినీ అలా దించేసి, తన గ్లాసు తాను తాగేవాడు. ఆదివారాలు తాను పెరుగన్నం తప్ప ముట్టనని చెప్పేవాడు. ఆయన నాలుక చూసే ధైర్యం ఎవరికుంది?

ఈ పరీక్షలో అందరికన్నా ఘోరంగా తప్పినవాడు అంకారావు. భావనారాయణకి చిన్ననాటి స్నేహితుడు, మిరప వ్యాపారి. బస్తాలోంచి కాయ తీసి కొరికి, గింజ నమిలి, కళ్లలో నీళ్లు తిరిగాక గాని ధర చెప్పేవాడు కాదు. రోజూ అలా ఎన్ని కాయలు కొరికేవాడో ఆయనకే తెలియదు. ఇంటికొచ్చి మళ్లీ గొడ్డుకారంతో అన్నం. ఆ దసరాకి కడుపు తిరగబడింది. నొప్పి వస్తే నిలువెత్తు మనిషి కొడవలిలా వంగిపోయేవాడు. గుంటూరు తీసుకెళితే పెద్ద డాక్టరు కుండబద్దలు కొట్టేశాడు: "కడుపులో పుండు పడింది. కారం మానకపోతే చిల్లు పడుతుంది. అప్పుడు నా దగ్గరికి తెచ్చినా ప్రాణానికి హామీ లేదు."

భార్య రాఘవమ్మ కారం జాడీలు దాచింది. ఈయన దుకాణంలో బస్తా ముందేసుకుని తిన్నాడు. ఆమె ఏడ్చింది. ఈయన అరిచాడు.

"చప్పిడి తిండి తిని బతకడమూ ఒక బతుకేనటే! పోతే పోతాను, కారం తినే పోతాను!"

అదీ అంకారావు మొండితనం. చావుకి జంకడు. నలుగురిలో నవ్వులపాలైతే మాత్రం నిద్రపట్టదు. ఆ వారం ఆదివారం డాబా మీద ఆయన నాలుక చాపగానే నాగూర్ వలి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇది నాలుక కాదండీ, మిరపకళ్లం!"

డాబా దద్దరిల్లింది. భావనారాయణ అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"పోరా అంకారావూ, ఇది నీ వల్ల అయ్యేది కాదులే. నీ నాలుక దారికి రావాలంటే ఉగాది దాకా కారం వాసన తగలకూడదు."

"ఏరా, అంత లోకువయ్యానా? ఉగాదికి వచ్చి నాలుక చాపుతాను. నువ్వే నీ చేత్తో పొయ్యాలి!"

"పోస్తాను. గుటక కాదు, గ్లాసు నిండా. ముందు నువ్వు నిలబడు చూద్దాం."

ఇక చూడాలి అంకారావు తపస్సు! దొండకాయ వేపుడు చప్పిడి, పప్పు చప్పిడి, ఆఖరికి గోంగూర కూడా చప్పిడి. మొదట్లో ఓసారి ఉండలేక పండుమిరప పచ్చడి ఒక్క వేలితో నాకాడు. ఆ ఆదివారం పరీక్షలోనే నాగూర్ వలి పట్టేశాడు. "మొదటికొచ్చిందిరోయ్!" అన్నాడు భావనారాయణ. ఊరు ఊరంతా పకపకలాడింది. అంకారావు ఇంటికెళ్లి, పచ్చడి జాడీ తన చేత్తోనే పక్కింటికి ఇచ్చొచ్చాడు.

వ్యాపారం ఎలాగన్నది మరో తిప్పలు. కాయ కొరకడానికి లేదాయె. గుప్పెడు కాయలు చెవి దగ్గర గలగలలాడించి, ఎండుతనం కనిపెట్టడం నేర్చుకున్నాడు. మొదట్లో రెండు సార్లు దెబ్బతిన్నాడు, తర్వాత చెవి కుదిరింది. సంక్రాంతి వెళ్లేసరికి నొప్పి తగ్గింది. ఓ రాత్రి ఆయన గురక విని రాఘవమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ గురక విని ఎన్నాళ్లయింది మరి! ఉగాది ముందు గుంటూరు డాక్టరు చూసి, పుండు మానిందన్నాడు. అంకారావు ఆ మాట సగమే విన్నాడు. ఆయన ధ్యాసంతా గ్లాసు మీదే ఉంది.

ఉగాది పచ్చడి ఆయన వాటాలో పచ్చిమిరపకాయ వెయ్యలేదు రాఘవమ్మ. అయిదు రుచులతో పండగ కానిచ్చి, అంకారావు డాబా ఎక్కాడు. ఆవేళ ఎవరినీ పిలవలేదు భావనారాయణ. నాగూర్ వలి ఒక్కడే ఉన్నాడు. నాలుక అటు తిప్పించి ఇటు తిప్పించి చూశాడు.

"పసిపిల్లాడి నాలుకండీ" అన్నాడు.

భావనారాయణ గ్లాసు అడుగున కాస్త పోశాడు. "డాక్టర్ని అడిగే పోస్తున్నా. ఒక్క గుటకే. ముందు వాసన చూడు. గబుక్కున మింగమాక, నాలుక మీద ఆపు."

అంకారావు ఆపాడు. నేరేడుపండు వచ్చింది. దాని వెనక ఎండుద్రాక్ష. ఆ వెనక ఇంకేదో, ఎండలో కాగిన చెక్కపెట్టె తెరిచినట్టు. మింగాక గుండెలో చిన్న పొయ్యి వెలిగింది. ఇన్నేళ్లూ తన నోటికి మంట ఒక్కటే తెలుసు. ఇంత లోకం ఉందా నాలుక మీద! ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి మిరపగింజ లేకుండానే.

"ఏరా?" అన్నాడు భావనారాయణ.

"మాట్లాడించమాక" అన్నాడు అంకారావు.

అప్పుడే భావనారాయణ భార్య వెంకటేశ్వరమ్మ పళ్లెం తెచ్చి పెట్టింది. పొగలు కక్కే మిరపకాయ బజ్జీలు. భావనారాయణ ఒకటి తీసి తొడిమదాకా కొరికి, ఉస్సుమని, తన గ్లాసులో పోర్టు ఓ గుటక వేశాడు.

అంకారావు చటుక్కున గ్లాసు కింద పెట్టాడు.

"ఒరేయ్! కారం మీద వైనా?"

"దొర దీన్ని మిరపకాయ బజ్జీ లేకుండా ఒక్కనాడూ ముట్టలేదురా! తీపికీ కారానికీ ఏం జోడీ అనుకున్నావ్!"

"మరి... నియమం?"

వెంకటేశ్వరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "నియమమా! మీరు గుంటూరు నుంచి వచ్చిన మర్నాడు రాఘవమ్మ వదిన ఈ అరుగు మీద కూర్చుని ఏడ్చింది అన్నయ్యగారూ. ఆ ఆదివారమే ఈయన ఊరందరినీ డాబా మీదికి పిలిచింది. ఈ నాలుకల పిచ్చి పుట్టింది ఆరోజే."

అంకారావుకి పట్టరాని కోపం వచ్చింది. కోపం వెనకే ఏడుపొచ్చింది.

"ఊరంతా నిన్ను పిసినారి అన్నారు గదరా, ఇన్నాళ్లూ!"

"అననీ. నీ ఒక్కడికే నియమం పెడితే వింటావా? ఊళ్లో ఎవడికీ దొరకనిదైతేనే నీకు కావాలి. చిన్నప్పట్నుంచీ చూడటంలా!"

అంకారావు స్నేహితుడి భుజం మీద ఒక్కటి వేశాడు. గ్లాసు తొణికింది. "రిజర్వు రా, రిజర్వు!" అని కేకపెట్టాడు భావనారాయణ.

ఆపై ఆదివారం ఊరందరికీ పిలుపు. మనిషికో పిట్టగ్లాసు, పళ్లెం నిండా మిరపకాయ బజ్జీలు. నాలుక సంగతి భావనారాయణ ఎత్తనే లేదు. సీతారామాంజనేయులు గారు ఏదో మోసముందని గ్లాసు చాలాసేపు అనుమానంగా చూసి, చివరికి తాగేశారు.

అంకారావు వంతు వచ్చింది. ఆయన బజ్జీల వంక ఓసారి చూశాడు, నిట్టూర్చాడు. భావనారాయణ దగ్గరికి నడిచి, ఎవరూ అడక్కుండానే నాలుక చాపి నిలబడ్డాడు.