చెరుకు పర్మిట్‌లో తెలుగు మాయమైన రోజు

రిటైర్మెంటుకు ముందు నా ఆఖరి పోస్టింగ్ బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో, సిస్టమ్స్ మేనేజర్‌గా. నవంబరులో క్రషింగ్ మొదలైంది. ఎవరి చెరుకు ఎప్పుడు కొట్టాలో చెప్పే పర్మిట్, రైతు ఫోనుకు తెలుగులో మెసేజ్‌గా పోవాలి. ఆ మెసేజ్ పంపే స్క్రిప్టును, అంటే కొద్ది లైన్ల చిన్న ప్రోగ్రామును, అప్పటిదాకా మా ఆపరేటర్ నయీం చేత్తో నడిపేవాడు. సిఫారసులతో వరుస దాటేవాళ్లు ఎక్కువయ్యారని ఆ ఏడు అది బంద్ పెట్టాం. వరుస ప్రకారం పర్మిట్లు తయారుచేసే పెద్ద ప్రోగ్రామే ఆ స్క్రిప్టును పిలిచి నడపాలి. జనరల్ మేనేజర్ చెప్పినా మరో దారి లేదు.

మొదటిరోజు పొద్దున్నే మోస్రా అనే ఊరి నుంచి సాయవ్వ అనే రైతు ఫోన్ చేసింది.

“సారూ, గిదేం పర్మిట్? లారీ నంబరొక్కటే ఉన్నది. ఊరు లేదు, పేరు లేదు, ఫోను నిండ కొడవళ్లే ఉన్నయి!”

ఆమె కొడవళ్లన్నవి ప్రశ్నార్థకాలు. అక్కడొక కట్టుబాటు ఉంది. గట్టు మీద రైతు పేరు, ఊరు చదివి వినిపించాకే నాందేడ్ నుంచి వచ్చిన చెరుకు కొట్టే కూలీల ముఠా కత్తి పడుతుంది. నోటిమాట చెల్లదు. మధ్యాహ్నం దాకా చూసి పక్క చేనుకు పోతామన్నారట. సాయవ్వ చెరుకు అప్పటికే పూతకొచ్చింది. వరుస తప్పితే బెండుబారిపోతుంది.

“నా పేరు నేను చెప్తె ఇనరట, నీ మిషిన్ చెప్తెనే ఇంటరట. జల్ది చెయ్యి సారూ!”

పరీక్ష కోసం నా ఒక్క ఫోనుకు మాత్రం మెసేజ్ పంపుకునే వీలుంది. స్క్రిప్టును చేత్తో నడిపాను. ముత్యాల్లాంటి తెలుగు! ప్రోగ్రాంతో పిలిపించాను. మళ్లీ కొడవళ్లు.

“మీరు పిలిస్తె తెలుగు, అది పిలిస్తె గిట్ల. గిదేం పరేషాన్ సాబ్?” అన్నాడు నయీం. నాకేమో ఒళ్లంతా హుషారు. ఇలాంటి చిక్కు దొరికితే నాకు అన్నం కూడా గుర్తుండదు.

స్క్రిప్టు మొదట్లో ఒక లైను చేర్చి, అది మొదలయ్యేటప్పుడు వెంట ఏమేం తెచ్చుకుంటుందో రాయించాను. ఏ భాష, ఏ ఫోల్డర్లలో వెతకాలి వంటి ఈ సెట్టింగులనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటారు. చేత్తో ఒకసారి, ప్రోగ్రాంతో ఒకసారి నడిపితే వచ్చిన రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టేసరికి “దొరికిందిరా దొంగ!” అని అరిచాను. నేను లాగిన్ అయితే భాష సెట్టింగు దానంతటదే వస్తుంది. ప్రోగ్రాం ఎవరూ లాగిన్ కాకుండానే సర్వర్‌లో నడుస్తుంది. తన దగ్గరే లేని సెట్టింగును అది స్క్రిప్టుకు ఎక్కడి నుంచి ఇస్తుంది?

స్క్రిప్టును పిలిచే చోట భాష సెట్టింగు రాసి ఇచ్చాను. ఈసారి అసలు మెసేజే రాలేదు! కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. భాష ఒక్కటే ఉన్న కొత్త జాబితా ఇస్తే పాతదంతా పోతుంది. ఫోల్డర్ల దారి కూడా పోయి, మెసేజ్ పంపే కమాండే స్క్రిప్టుకు కనిపించలేదు. ప్రోగ్రాం దగ్గరున్నవన్నీ కాపీ చేసి, వాటికి భాష ఒక్కటి కలిపి ఇచ్చాను. నా ఫోను మోగింది. తెలుగు! నయీం నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు.

ఆగిన పర్మిట్లన్నీ ప్రోగ్రాంతోనే మళ్లీ పంపించి సాయవ్వకు ఫోన్ చేశాను.

“ఉండు సారూ, మా కోడలు సదువుతున్నది” అని ఫోను గట్టువైపు పట్టింది. సాయవ్వ, మోస్రా అన్న మాటలు వినబడ్డాయి. ఆ వెంటనే చెరుకు మీద కత్తులు పడిన చప్పుడు.

“షురూ చేసిండ్రు సారూ!” అని కేక పెట్టింది.

ఇంకో ప్రోగ్రాం పిలిచే స్క్రిప్టుకు కావలసిన సెట్టింగులు ఆ పిలిచే చోటే రాయాలి. ఉన్నవాటికి కలపాలి, ఉన్నవి ఊడగొట్టకూడదు. నా చేతిలో నడిచిందంటే చాలదు. రోజూ పిలవబోయే ప్రోగ్రాంతోనే పిలిపించి, చేను గట్టున ఏం వచ్చిందో అడిగి తెలుసుకోవాలి.